ఫీజు తీసుకోని వకీలు

ఆసిఫాబాద్,
12-2-1986.

చెల్లె సోమమ్మకు,

అక్క రాసేది. నేను బతికే ఉన్నాను, మోకాళ్లు మాత్రం నాకంటే ముందే రిటైరయ్యాయి. నువ్వూ నీ బర్రెలూ బాగున్నారనుకుంటాను.

పోయిన వారం మా దవాఖానలో ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. రెండు రోజులు నిలబడే ఉన్నాను. మూడో రోజు పొద్దున మంచం మీంచి లేవబోతే కాళ్లు రామన్నాయి. డాక్టరమ్మ చూసి, "ఇంకా ఎన్నాళ్లు అరుణమ్మా?" అంది. ఈ ఏడు జూన్‌తో నౌకరీ అయిపోతుందని చెప్పాను. "ఆ తర్వాత ఎక్కడుంటావు?" అంది. ముప్పై మూడేళ్లు నర్సుగా చేశాను సోమా, అన్నేళ్లూ సర్కారు క్వార్టర్లలోనే గడిచాయి. పెళ్లీ పెటాకులూ లేనిదాన్ని, నాకు ఇల్లెందుకులే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు మాత్రం ఒక ఇల్లు కావాలనిపిస్తోంది. అలిసిపోయాను.

నువ్వు దసరాకు చెప్పావు కదా, మీ మరిది జనార్ధన్ మీ నాలుగెకరాల్లో కాలనీ వేస్తున్నాడని, మీ ఇంటి పక్కనే రెండు గదుల ఇల్లొకటి కట్టి అమ్మకానికి పెట్టాడని. ముప్పై ఎనిమిది వేలన్నావు. అది నేను కొంటాను. ప్రావిడెంట్ ఫండూ చిట్టీ కలిపితే సరిపోతుంది. మీ ఆయన వెంకటనర్సయ్య పోయి ఎనిమిదేళ్లయినా జనార్ధన్ నిన్ను ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటున్నాడు. అలాంటివాడి దగ్గర కొనడానికి నాకు భయమేమీ లేదు.

నా భయమల్లా పైఖర్చుల గురించే. మా కాంపౌండర్ అంతయ్య మంచిర్యాలలో ఇల్లు కొన్నప్పుడు వకీలు ఫీజు అని ఒకరు, దస్తావేజు రాసిన ఫీజు అని ఒకరు, స్టాంపులని, చాయ్ పానీలని అందరూ తలో చెయ్యి వేశారు. చివరికి తలుపులకు డబ్బు మిగలక ఏడాదిపాటు గుమ్మానికి గోనెపట్టా కట్టుకుని ఉన్నాడు పాపం. నాకా గతి పట్టకుండా, వకీలు ఎవరో, ఎంత తీసుకుంటాడో, దేనికి తీసుకుంటాడో జనార్ధన్‌ని అడిగి రాయి.

ఎండలు ముదరకముందే నీ జవాబు వస్తే బాగుండు.

నీ అక్క,
అరుణమ్మ


అల్మాస్‌గూడ,
26-2-1986.

అక్కా, దండం.

నీ ఉత్తరం చదివి ఏడ్చిన. ఎందుకో నాకే తెల్వది. మా యారాలు, జనార్ధన్ పెండ్లాం పూలమ్మ, ఏమైందో అని ఉరికొచ్చింది. మా అక్క మనింటి పక్కకే ఒస్తదట అని చెప్పిన. గోడకవతల నువ్వుంటే నాకింకేం గావాలె? నేను మాట్లాడినట్టే రాస్త, తప్పులు పట్టకు. నువ్వు చదువుకున్నదానివి, నేను అయిదో తరగతి.

ఇక్కడ సూస్తే అంత కంకర, దుమ్ము. మన నాలుగెకరాల చెల్కల ప్లాట్లకని తెల్లరాళ్లు పాతిన్రు. నేను తెల్లారకముందే లేసి పాలు పిండి సరూర్‌నగర్ దాక పదిహేను ఇండ్లకు పోసొస్త. కాలనీలొచ్చినంక పాలకు గిరాకి మస్తుగున్నది. బర్రెలు మేసే జాగనే లేకుంటైంది.

నువ్వడిగిన ఫీజు సంగతి జనార్ధన్‌ని అడిగిన. నవ్విండు. "ఏంది వదినె, మనోళ్ల కాడ మన వకీలు పైసలు తీస్కుంటడా? దశరథ సారు మా బాపు కాలం నుంచి మన కాగితాలు సూస్తుండు. అక్కకు స్టాంపుల ఖర్చు తప్ప ఒక్క పైస పడది" అన్నడు. నిజమే అక్కా. మా ఆయన పోయినప్పుడు సుత పేర్లు మార్పిచ్చేటి పనంత దశరథ సారే చేసిండు. అప్పుడు సుత ఏం తీస్కోలే. చాయ్ తాగి పోయిండు.

కాగితాల నకళ్లు ఇచ్చిండు, ఈ కవర్ల పెట్టిన. నాకైతే అర్థం గాలే.

ఒక్క మాట అక్కా, కోపం జేసుకోకు. వేరే వకీలు దగ్గరికి మాత్రం పోకు. మొన్న జనార్ధన్ మేనమామ కొడుకు ప్లాటు కొనేటప్పుడు చంపాపేట వకీలుకు కాగితాలు సూపెట్టిండని ఈళ్లింట్ల ఎంత లొల్లైందో. "సుట్టాలైండి మా మీద నమ్మకం లేదా, పదిమందిల ఇజ్జత్ తీసిండు" అని జనార్ధన్ ఆరు నెలలు మాట్లాడలే. నువ్వట్ల చేస్తే నేను ఈ ఇంట్ల తలెత్తుకోని తిరగలేను.

గోలీలు యాళ్లకు ఏసుకో. బర్రెలు బాగనే ఉన్నయి.

సోమమ్మ


ఆసిఫాబాద్,
18-3-1986.

సోమా,

నువ్వు వద్దన్న పనే చేశాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తిట్టు.

మందుల ఇండెంటు పని మీద నన్ను హైదరాబాద్ పంపారు. ఒక్కరోజు పని. డాక్టరమ్మ చెప్పిన వకీలు ఒకాయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాడు, పేరు జోగారావు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పదేళ్లయిందట. స్టీలు సామాన్ల కొట్టు మీద మేడ. ఆ మెట్లెక్కేసరికి నా ప్రాణం కడబట్టింది. అందుకే అల్మాస్‌గూడ దాకా రాలేకపోయాను, సాయంత్రం బస్సు పట్టుకోవాలి కూడా.

ఆయన ఫీజుల సంగతి వింటే నీకు నవ్వొస్తుంది. "కాగితాలన్నీ వెతికి చూసి నా అభిప్రాయం రాసిస్తే రెండు వందలండీ" అన్నాడు. అయితే దస్తావేజు? "అది వేరండీ, నూట యాభై." రిజిస్ట్రేషన్ రోజు తోడు వస్తే? "అదో వంద." రాసిచ్చిన అభిప్రాయాన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పాలంటే అదీ ఇంకో వంద! మాట్లాడితే డబ్బు. మా దవాఖానలో నేనిలా సూదికో రేటు, దూదికో రేటు పెట్టి ఉంటే ఈపాటికి బంజారాహిల్స్‌లో ఉండేదాన్ని.

"అంతా చూశాక నేను కొనకపోతే?" అని అడిగాను. "కొనకపోయినా ఫీజు ఇవ్వాలండీ. కొంటేనే ఫీజు అనుకోండి, ఇంక కొనమని చెప్పడమేగా నా పని" అన్నాడు. మాటకారి అనుకున్నాను. అయినా రెండు వందలూ కట్టి, నువ్వు పంపిన నకళ్లు ఇచ్చి వచ్చాను. ఒంటరిదాన్ని, ముప్పై ఎనిమిది వేలు పోస్తున్నాను. జనార్ధన్ మీద అనుమానం కాదు, నా భయం నాది.

మొన్న పదిహేనో తారీఖున ఆ అభిప్రాయం పోస్టులో వచ్చింది. ఒకే ఒక్క కాగితం, అదీ ఇంగ్లీషులో. పట్వారీలు పోయి మండలాలు వచ్చాక భూమి ఎవరిదో చెప్పే పాత పహాణీలు దొరకడమే గగనమైందట, ఆ ఖర్చు ఇంకో నలభై అని కింద వేశాడు. స్థలం మీద అప్పులూ తాకట్టులూ ఏమీ లేవట. కాకపోతే అమ్మకం కాగితంలో 'కీర్తిశేషుడైన పెద్ద కొడుకు భార్య' కూడా కలవాలని రాశాడు. అంటే నువ్వే. నీ సంతకం కూడా కావాలన్నమాట. ఇంట్లో ఉన్న పెద్దదానివి కదా, సాక్షిగా కాబోలు.

అడుగున తెలుగులో, 'ఒకసారి వచ్చి కలవండి, ఇందులో చెప్పవలసిన విషయం ఉంది' అని రాశాడు. ఎందుకు రాయడు? వెళితే కూర్చోబెట్టినందుకు వంద. పైగా బస్సు, సెలవు, ఆ మెట్లు. నా వల్ల కాదు. వెళ్లనని ఉత్తరం రాసేశాను.

కాబట్టి జనార్ధన్‌తో చెప్పు, సోమమ్మ సంతకం కూడా ఉంటే కొనడానికి నాకేమీ అభ్యంతరం లేదని. వేరే వకీలు దగ్గరికి వెళ్లానని చెప్పాలో వద్దో నీ ఇష్టం. నా కోసం ఆ సంతకం పెట్టు.

నీ అక్క,
అరుణమ్మ


అల్మాస్‌గూడ,
29-3-1986.

అక్కా,

దిల్‌సుఖ్‌నగర్ దాక ఒచ్చి ఇంటికి రాకుంట పోయినవా? ఆన్నుంచి మన ఇల్లు ఎంత దూరమని? మెట్లెక్కే ఓపిక ఉన్నది గని చెల్లెను సూసే ఓపిక లేదా? రెండు దినాలు బువ్వ సయించలే నాకు. నీకు వకీలు మీదున్న నమ్మకం నా మీద లేకపాయె. సరే, అయిపోయింది, ఇగ అనను.

జనార్ధన్‌కు చెప్పిన. దాస్తె దాగుతదా? లొల్లి చేస్తడనుకున్న. చెయ్యలే. నా సంతకం సుత గావాలన్నడట అనంగనే బీడీ ముట్టిచ్చిండు. "ఆ వకీలు ఇంకేమన్నడు?" అని అడిగిండు. అంతే అన్న. బీడీ ఆర్పి బయటికి పోయిండు.

తెల్లారి దశరథ సారు ఇంటికొచ్చిండు. ఈ ఎనిమిదేండ్లల సారు నాతోని మాట్లాడుడు ఎన్నడు లేదు. గీసారి నాకు సుత కుర్సి ఎయ్యమన్నడు. "మీ అక్క వకీలు చెప్పింది కరెక్టేనమ్మా. ముందుగాల నువ్వూ జనార్ధన్ ఒక కాగితం చేసుకోవాలె, తర్వాత మీ అక్కకు సాఫ్‌గ రిజిస్ట్రేషన్ అయితది" అన్నడు. నీ పేరు ఆ కాగితంల ఉండదట, నువ్వు రానక్కర లేదట. ఫీజెంత సారు అని నేనే అడిగిన, నీ ఉత్తరం చదివి చదివి నాకు సుత అలవాటైంది. "నీ దగ్గర ఫీజేందమ్మా" అన్నడు.

ఉగాది తెల్లారి శుక్రవారం పోదామనుకుంటున్నరు. పూలమ్మ నాతోని మంచిగ మాట్లాడుతున్నది. బర్రెల కాడ పేడ సుత ఆమెనే తీస్తున్నది, నాకు నవ్వొస్తున్నది. నీ మీద కోపమున్నా నీ కోసం పెడ్త అక్కా సంతకం. గోడకవతలికి నువ్వు ఒస్తె సాలు.

సోమమ్మ


ఆసిఫాబాద్,
8-4-1986.

సోమా,

ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. వేలిముద్ర కూడా వెయ్యకు. ముందు ఈ మాట చదువు, మిగతాది తర్వాత.

నీ ఉత్తరం నిన్న అందింది. నా ఇంటి కొనుగోలుకు నా పేరు లేని కాగితమేమిటని మనసు పీకింది. పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్లి రెండు గంటలు కూర్చుంటే జోగారావుకు ట్రంకాల్ కలిసింది. విషయం చెప్పాను. ఆయన నా మీద కేకలేశాడు. ఫీజు మాట ఎత్తనే లేదు.

విను. ఆ నాలుగెకరాలు మీ మామది. ఆయన తర్వాత కొడుకులిద్దరిదీ. మీ ఆయన వాటా రెండెకరాలు, ఆయన పోయాక నీవి. నీకు పిల్లలు లేరు, మీ అత్తా లేదు, ఇంకెవరికీ అందులో భాగం లేదు. ఎనిమిదేళ్లుగా నువ్వు జనార్ధన్ ఇంట్లో తింటున్నానని అనుకుంటున్నావు, నేనూ అలాగే అనుకున్నాను. నీ ఇంట్లో నువ్వే తింటున్నావు. నేను కొనబోయిన ఇల్లున్న జాగాలో కూడా సగం నీది. జోగారావు కలవాలన్నది సాక్షిగా కాదు, అమ్మేదానివిగా. అంటే డబ్బులో సగం నీ చేతికి రావాలి. వాళ్లు చేయించే కాగితం మాత్రం నీ వాటా వదులుకుంటున్నట్టు. అది రిజిస్టరైతే నీకు అక్కడ జానెడు నేల కూడా ఉండదు.

టెలిగ్రాం కూడా ఇస్తున్నాను. ఇక్కడ ఊళ్లల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి, సెలవు అడిగితే డాక్టరమ్మ చేతులు జోడించింది. లేకపోతే నేనే వచ్చేదాన్ని. శుక్రవారం ఒంట్లో బాగాలేదని పడుకో. నా మీద ఒట్టు.

అరుణమ్మ


అల్మాస్‌గూడ,
8-4-1986.

అక్కా,

పనైపోయింది! ఉగాదికి రిజిస్ట్రేషన్ ఆఫీసుల మంది ఎక్కువుంటరని నిన్న సోమవారమే తీస్కపోయిన్రు. నేనెన్నడు ఎక్కలే, జీపు మాట్లాడిండు జనార్ధన్. ముందట సీట్ల కూసోబెట్టిండు.

ఆఫీసుల సారు కాగితం మీద నా పేరు చదివి, "ఇష్టంతోనే రాసిస్తున్నవా అమ్మా?" అన్నడు. అవునన్న. "చదివి వినిపించిన్రా?" అన్నడు. జనార్ధన్ దిక్కు సూసిన, వినిపిచ్చినం అన్నడు. నేను సుత అవునన్న. నా పేరు నేను పూర్తిగ రాసిన అక్కా, నాలుగు చోట్ల. దశరథ సారు, "మంచిగ రాస్తవమ్మా" అన్నడు. బొటనవేలి సిరా ఇంక పోలే, పొద్దుగాల పాలు పిండుతుంటె సూసుకున్న.

ఇంటికొచ్చినంక పూలమ్మ నాకు చీర పెట్టింది, మంచి గద్వాల చీర. ఎందుకే అంటే, సంతకం పెట్టినోళ్లను ఒట్టి చేతుల్తోని పంపొద్దు అన్నది. ఆయన పోయినంక ఈ ఇంట్ల నాకు ఎవరన్న కొత్త చీర పెట్టుడు ఇదే మొదలు.

ఇగ నీకేం అడ్డం లేదు. నువ్వొచ్చి రిజిస్ట్రేషన్ చేసుకునుడే. దశరథ సారు ఒక్క పైస తీస్కోలే. నువ్వు అనవసరంగ రెండొందల నలభై ఖర్సు పెట్టినవ్, నేను ముందే చెప్పిన.

సోమమ్మ


ఆసిఫాబాద్,
17-4-1986.

సోమా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. టెలిగ్రాం ఆ ఇంట్లోవాళ్లెవరైనా తీసుకుని నీకు చెప్పలేదేమో, చెప్పినా ఒక్కరోజు ఆలస్యమే.

వారం రోజులుగా సెలైన్ బాటిళ్లు మారుస్తూ ఒకటే ఆలోచిస్తున్నాను. నిన్ను జీపెక్కించింది జనార్ధన్ అయితే కావచ్చు. సంతకం పెట్టమని రాసింది మాత్రం నేను. 'నా కోసం' అని కూడా రాశాను. ఆ పెద్దమనిషి వచ్చి కలవమని చెబితే వంద రూపాయలు చూసుకున్నాను, మోకాళ్లు చూసుకున్నాను. రెండు వందలు పోసి కాగితం కొనుక్కుని, అందులో ఏముందో చెప్పించుకోవడానికి వంద దండగనుకున్నాను. నీ రెండెకరాలు నా పిసినారితనానికి పోయాయి. సిగ్గుతో చస్తున్నాను సోమా.

ఆ ఇల్లు నేను కొనను. నీ నేల మీద కట్టిన ఇల్లు వాళ్లకు డబ్బిచ్చి ఎలా కొంటాను?

జోగారావుతో మళ్లీ మాట్లాడాను. చదివి వినిపించకుండా, మోసపుచ్చి సంతకం తీసుకున్నారని మూడేళ్లలోపు దావా వెయ్యొచ్చట. గెలుస్తామని మాత్రం మాటివ్వలేనన్నాడు. వెయ్యమని నేను చెప్పను. ఇదివరకే ఒకసారి నీకు చెప్పి చూశాను, చాలు. ఆ ఇంట్లో ఉంటూ ఆ ఇంటి మీద దావా వెయ్యడం ఎంత నరకమో నాకు తెలుసు. ఏమీ చెయ్యకపోయినా ఫర్వాలేదు. బట్టలు సర్దుకుని నా దగ్గరికి వచ్చెయ్. జూన్ తర్వాత ఎక్కడుంటామో అప్పుడు చూద్దాం.

తిట్టడానికైనా ఒక ఉత్తరం రాయి.

అరుణమ్మ


అల్మాస్‌గూడ,
2-5-1986.

అక్కా,

తిట్టనీకి నాకు చాత గాలే. నీ ఉత్తరాలు రెండు చదివిన. మొదలు నమ్మలే. మీ అక్కకు ఇల్లు కొనబుద్ది గాక గిట్ల రాసిందని పూలమ్మ అన్నది. నేను సుత గట్లనే అనుకున్న ఒక పూట. టెలిగ్రాం ఒచ్చిందట, ఇంగిలీషుల ఉన్నది, ఎవ్వలికి అర్థం గాలేదని అటక మీద పెట్టిన్రు.

తర్వాత జనార్ధన్‌ని అడిగిన. అన్నం తింటుండు. "అందుల రెండెకరాలు నావట గదా?" అన్న. ముద్ద ఆపలే. "ఎనిమిదేండ్ల సంది నిన్ను సూస్తలేనా వదినె? గా భూమితోని నువ్వేం జేస్తవ్?" అన్నడు. కోపంగ అనలే, నిజంగనే అడిగిండు. గదే నాకు ఎక్కువ బాధైంది అక్కా. అడగనీకి నోరున్నది, ఏం జేస్తనో చెప్పనీకి ఏం లేదు నా దగ్గర.

నాలుగు దినాలు పాలు పోసుకుంట ఆలోచన చేసిన. నీ మీద కోపమొచ్చింది. రాలేదంటే అబద్ధం. నువ్వు ఇంకొక్కసారి ఆ మెట్లు ఎక్కుంటే గింత దాక రాకపోతుండె. గని నేను సుత ఎనిమిదేండ్లు ఒక్క కాగితం ఇదేంది అని అడగలే. నువ్వు ఒక వకీలు దగ్గరికన్న పోయి అడిగినవ్.

మొన్న బుధవారం పాల క్యాన్లు కింద కొట్టుకాడ పెట్టి జోగారావు సారు మేడెక్కిన. నువ్వు రాసినదానికంటే ఎక్కువున్నయి మెట్లు. నన్ను సూసి పాలు పోసేటామె అనుకోని, "ఈ పూట వద్దమ్మా" అన్నడు. నేను అరుణమ్మ చెల్లెను అన్న. లేసి నిలబడ్డడు. గంటసేపు కూసోబెట్టి అంత చెప్పిండు. ఏడ్పిచ్చే సంగతే గని అర్థమయ్యేటట్టు చెప్పిండు.

దావా అయిదేండ్లు పట్టొచ్చు, పదేండ్లు పట్టొచ్చు అన్నడు. కోర్టు ఫీజు వేరు, తన ఫీజు వేరు, ఓడిపోయినా వాపసు రాదు అన్నడు. సరే అన్న. ఈ నెల పాల పైసలు పూలమ్మకు ఇయ్యలే, అవే తీస్కపోయిన. "మీ అక్క తరఫున కడుతున్నారా అండీ?" అన్నడు. కాదు సారు, నా తరఫున అన్న.

పూలమ్మ మాట్లాడుడు బందైంది. జనార్ధన్ ఇంట్ల తింటలేడు. నా పొయ్యి నేను వేరే పెట్టుకున్న, బర్రెల కొట్టంల. చీర మడత పెట్టి పూలమ్మ మంచం మీద పెట్టిన. మస్తు యాష్టకొస్తున్నది అక్కా, పొద్దుగాల లేస్తుంటె కాళ్లు రాతలెవ్వు. గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్టు వెనక రెండర్రలు కిరాయికున్నయట, నెలకు నూటిరవై. నువ్వొచ్చేనాటికి మాట్లాడి పెడ్త. నువ్వు నా కోసం పైసలు పంపకు, సిగ్గుపడకు, రా.

రసీదు రాసేటప్పుడు సారు నా పేరడిగిండు. వెంకటనర్సయ్య భార్యను అని చెప్పబోయిన. "మీ పేరు చెప్పండమ్మా" అన్నడు. చెప్పిన. రాసి నా చేతుల పెట్టిండు. చదువుకున్న, సోమమ్మ అని ఒక్క నా పేరే ఉన్నది. మూడు వందలు తీస్కున్నడు.

సోమమ్మ